మండుటెండల్లో ఇంటి లాన్: ఏ గడ్డి ఎవరికి నప్పుతుంది?

ఎండలు బాగా కాసే చోట లాన్ పాడైతే ముందుగా నీళ్లను అనుమానిస్తాం, ఆ తరవాత ఎరువును. అసలు పొరపాటు చాలాసార్లు అంతకంటే ముందే, గడ్డి ఎంచుకున్న రోజునే జరిగిపోయి ఉంటుంది. ఫొటోలో నిగనిగలాడిన గడ్డిని తెచ్చి, సగం రోజు గోడ నీడ పడే చోట పరుస్తారు. లేదంటే చల్లటి ప్రాంతాల్లో పెరిగే విత్తనాన్ని నిప్పులు చెరిగే ఎండలో చల్లుతారు. ఇక ఆ తరవాత ఎంత కష్టపడినా ఫలితం అంతంతమాత్రమే. అందుకే ఈ పోలికలో అందాన్ని చివరికి నెట్టేస్తున్నాను. ముందు ఎండ, తరవాత నీళ్లు, ఆ తరవాత మీ తీరిక. ఈ మూడూ తేలితే గడ్డి పేరు దాదాపు దానంతటదే తేలిపోతుంది.

ఎండ లెక్క తీసుకోకుండా గడ్డి కొనకండి

ఒక సెలవు రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి స్థలాన్ని ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. రాత్రి వాటిని వరసగా చూస్తే ఏ మూలన ఎన్ని గంటలు నేరుగా ఎండ పడుతోందో తెలిసిపోతుంది. చెట్టు ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడే వెలుగును పూర్తి ఎండగా లెక్కేయకండి. సగం అనుకోండి చాలు.

నేరుగా ఎండ ఆరు గంటలు దాటితే మీకు దాదాపు అన్ని దారులూ తెరిచే ఉంటాయి. నాలుగు నుంచి ఆరు గంటల మధ్య ఉంటే గరిక జాతులను మరిచిపోయి జోయ్సియా, సెయింట్ ఆగస్టీన్ అనే గడ్డి రకాల వైపు చూడాలి. నాలుగు గంటలకు తగ్గితే సెయింట్ ఆగస్టీన్‌లో నీడకు ఓర్చే రకాలు, లేదా తేమ బాగా ఉండే నేలల్లో వెడల్పాటి ఆకుల కార్పెట్ గడ్డి. మూడు గంటలు కూడా లేని చోట గడ్డి వేయొద్దనే చెబుతాను. అక్కడ నీడ మొక్కలో, చెక్కపొట్టో, రాతి పలకలో పరవడం మేలు. చెట్టు కింద ప్రతి ఏడూ కొత్తగా గడ్డి పరిచి, ప్రతి ఏడూ అది పలచబడి పోతుంటే బాధపడేవాళ్లు చాలామంది. అక్కడ కొరత వెలుగుది. పైగా చెట్టు వేళ్లు గడ్డికి దక్కాల్సిన నీటిని కూడా లాగేస్తాయి.

రెండు తెగల గడ్డి, రెండు రకాల వేసవి

లాన్ గడ్డి జాతులు స్థూలంగా రెండు తెగలు. గరిక, జోయ్సియా, సెయింట్ ఆగస్టీన్, పాస్పాలం, బఫెలో గడ్డి వేడిని కోరేవి. ఇవి 27 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య జోరుగా పెరుగుతాయి. టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్, రై గడ్డి చల్లదనాన్ని కోరేవి. వాటికి 15 నుంచి 24 డిగ్రీలు హాయి.

తేడా ఆకు లోపలే ఉంది. బాగా వేడెక్కినప్పుడు చల్లటి తెగ గడ్డిలో, కార్బన్ డయాక్సైడును పట్టుకోవాల్సిన ఎంజైము పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకోవడం ఎక్కువవుతుంది. తయారుచేసుకున్న శక్తిలో కొంత వృథా అయిపోతుంది. వేడి తెగ గడ్డి కార్బన్ డయాక్సైడును ముందుగానే ఆ ఎంజైము చుట్టూ పోగుచేసి పెట్టుకుంటుంది. అందువల్ల ఆకు రంధ్రాలను తక్కువగా తెరిచినా దానికి పని జరుగుతుంది, నీరూ తక్కువ పోతుంది.

ఇది నీళ్ల లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. వాతావరణం పీల్చేసే నీటిలో వేడి తెగ గడ్డికి సుమారు 60 శాతం, చల్లటి తెగకు సుమారు 80 శాతం తిరిగి ఇవ్వాలని లాన్ తడుల లెక్కల్లో వాడే అంచనా. పొడిగా, గాలి వీస్తూ, రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరయ్యే నడివేసవి అనుకుందాం. వంద చదరపు మీటర్ల లాన్‌కు వారానికి వేడి తెగ అయితే దాదాపు 3,400 లీటర్లు, చల్లటి తెగ అయితే దాదాపు 4,500 లీటర్లు కావాలి. నీళ్లు పిసినారిగా వాడాల్సిన ఇంట్లో ఈ వెయ్యికి పైగా లీటర్ల తేడా ఒక్కటే ఎంపికను తేల్చేస్తుంది.

అసలు పోటీ: గరికా, జోయ్సియానా?

ఎండ బాగా పడే ఇళ్లలో ఎక్కువ మంది తేల్చుకోవాల్సింది ఈ రెండింటి మధ్యే. కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

లాన్‌గా వాడే బెర్ముడా గడ్డి గరిక జాతే. నేల పైన తీగలా పాకుతుంది, నేల లోపలా పాకుతుంది. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది. పిల్లలు ఆడి ఒక మూల అరగదీసినా, కుక్క గోకినా, చుట్టుపక్కల నుంచి పాకి కొన్ని వారాల్లో పూడ్చేస్తుంది. ఆట మైదానాల్లో దీన్ని అంతగా వాడేది అందుకే. కరువును తట్టుకోవడంలోనూ ముందు వరసలో ఉంటుంది. వేళ్లు ఒక మీటరు దాటి లోతుకు పోగలవు. నీళ్లు లేకపోతే గోధుమ రంగుకు తిరిగి పడుకుంటుంది, నీళ్లు తగలగానే లేస్తుంది.

దీనికి మీరు చెల్లించేది శ్రమ. నడివేసవిలో వారానికి ఒకసారైనా, సంకర రకాలైతే మూడు నాలుగు రోజులకోసారి కోయాలి. రెండు వారాలు ఊరెళ్లి వచ్చి ఒకేసారి కిందికి కోశారంటే పచ్చదనం మాయమై గడ్డం గీసినట్టు ఎండు కాడలు బయటపడతాయి. ఆకులన్నీ పైనే ఉండి, కింద కాడలు మాత్రమే మిగలడం వల్ల అలా జరుగుతుంది. పూల మడుల్లోకి దూరడంలోనూ దీనికి సాటి లేదు. మడి పక్కనే గరిక వేస్తే అంచున పదిహేను ఇరవై సెంటీమీటర్ల లోతున రేకో, ఇటుక వరసో పాతి, దాని మీదుగా పాకే తీగలను తరచూ కత్తిరిస్తూ ఉండాల్సిందే.

గరికలోనే మళ్లీ రెండు దారులు. విత్తనంతో వచ్చే మామూలు రకాలు చవక, కాస్త మోటు. సంకర రకాలు సన్నటి ఆకుతో, ఒత్తుగా, చాపలా ఉంటాయి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్ పరిశోధన కేంద్రం నుంచి 1960లో విడుదలైన టిఫ్‌వే 419 అలాంటిదే. మామూలు గరికను ఆఫ్రికా గరికతో కలిపి పుట్టించిన ఇలాంటి రకాలకు మొలిచే విత్తనం రాదు. కాడలుగానో, కుదుళ్లుగానో, మట్టితో సహా కోసి తెచ్చిన గడ్డి చాపలుగానో నాటుకోవాలి. అలాంటి పేరుతో ఎవరైనా విత్తనం పొట్లం అమ్మజూపితే తీసుకోకండి.

జోయ్సియా సంగతి వేరు. నెమ్మదిగా పెరుగుతుంది, అదే దాని బలం, అదే దాని లోపం. ఒకసారి కుదురుకుంటే కాలు పెడితే తివాచీ మీద నడిచినట్టు ఒత్తుగా ఉంటుంది. కలుపుకు చోటివ్వదు. కోత వారం పది రోజులకోసారి చాలు. పాక్షిక నీడను గరిక కంటే బాగా ఓర్చుకుంటుంది. కానీ కుదుళ్లు దూరం దూరంగా నాటితే నేలంతా కమ్మడానికి రెండు పెరుగుదల కాలాలు పట్టవచ్చు. అప్పటిదాకా మధ్య ఖాళీల్లో కలుపు ఏరుతూ కూర్చోవాలి. రోజూ ఒకే దారిన నడిచే చోట బాట పడితే అది పూడటానికీ అంతే నిదానం. ఆకు గట్టిది కావడం వల్ల గడ్డి కోసే మూవర్ బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. కాడలు, వేళ్ల మధ్య ఎండుపొర పేరుకునే గుణమూ ఉంది. ఆ పొర ఒక సెంటీమీటరు దాటి మందమైతే నీళ్లు కిందికి దిగవు. గడ్డి జోరుగా పెరిగే కాలంలో గట్టి పళ్ల దంతెతో గీకి తీసేయాలి. సన్నటి ఆకుల జోయ్సియా టెన్యుయిఫోలియా కోయకుండా వదిలితే మెత్తటి గుట్టలు గుట్టలుగా పెరుగుతుంది. చూడటానికి ముచ్చటే గానీ ఆడుకోవడానికి పనికిరాదు.

నా తీర్పు ఇది: పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే, నిండా ఎండ పడే స్థలానికి గరిక. తొక్కిడి తక్కువగా ఉండి, కొన్ని గంటలు నీడ పడే, వారం వారం కోసే తీరిక లేని ఇంటికి జోయ్సియా. రెంటినీ పక్కపక్కనే వేసి రెండూ అనుభవిద్దామనుకోకండి. కొన్నాళ్లకు గరిక జోయ్సియాలోకి చొరబడుతుంది, ఏరి తీయడం అసాధ్యమవుతుంది.

మిగతావి ఎప్పుడు?

సెయింట్ ఆగస్టీన్ ఆకు వెడల్పు, ముదురు పచ్చ. నీడ ఓర్పులో వేడి తెగలో ముందుంటుంది. అయితే నేల పైన మాత్రమే పాకుతుంది, లోపల దాచుకున్న కాండం ఉండదు. అందువల్ల ఎక్కువ తొక్కినా, ఎక్కువ కాలం ఎండబెట్టినా గరికలా తేరుకోదు. నీళ్లు క్రమంగా ఇవ్వగలిగితేనే దీని జోలికి వెళ్లండి. చించ్ నల్లి దీనికి పెద్ద శత్రువు. ఎండ బాగా తగిలే అంచుల్లో పసుపు మచ్చ మొదలై, నీళ్లు పెట్టినా పెరుగుతూ పోతుంటే మచ్చ అంచున ఆకులు విడదీసి మొదళ్ల దగ్గర చూడండి. మిరియపు గింజ కంటే చిన్న నల్లటి పురుగులు, వీపున తెల్లటి రెక్కలతో పరిగెడుతుంటాయి. ఇంకో జాగ్రత్త: 2,4-డి కలిసిన కలుపు మందులు చాలావరకు గరిక తట్టుకుంటుంది గానీ, ఈ గడ్డికి గట్టి దెబ్బ. సీసా మీద మీ గడ్డి పేరు ఉందో లేదో చదవకుండా చల్లొద్దు.

బోరు నీళ్లు ఉప్పగా ఉన్నవాళ్లకు, చౌడు నేలలున్న వాళ్లకు నేను వేరే పేరే చెప్పను. సముద్రతీర పాస్పాలం వేసుకోండి. మిగతా లాన్ గడ్డి జాతులు ఆకు కొసలు మాడి చచ్చిపోయే ఉప్పును ఇది తట్టుకుంటుంది. అలాగని ఉప్పును నేలలో పేరుకోనివ్వకూడదు. నీరు బాగా దిగే నేల ఉండి, అప్పుడప్పుడు నిండుగా తడి పెట్టి ఉప్పును వేళ్ల కిందికి కడిగేయాలి. నీడ మాత్రం దీనికి గిట్టదు.

వాన తక్కువ, గాలిలో తేమ తక్కువ, నేల బంకమట్టి అయితే బఫెలో గడ్డి ఒక మంచి దారి. ఉత్తర అమెరికా గడ్డి మైదానాలు దీని పుట్టిల్లు. నెలకోసారి కోసినా, అసలు కోయకున్నా బతుకుతుంది. తేమ ఎక్కువ ఉండే చోట మాత్రం కలుపు ముందు ఓడిపోతుంది. ఇసుక నేలల్లో, పట్టించుకునే వాళ్లు లేని పెద్ద స్థలాల్లో బహియా సరిపోతుంది, ఎన్నులు మాత్రం కోసిన కొద్ది రోజులకే మళ్లీ లేచి నిలబడతాయి. ఆమ్ల గుణమున్న బీద నేలకు సెంటిపీడ్ గడ్డి. దానికి ఎరువు ఎక్కువైతేనే చిక్కు.

ఇక టాల్ ఫెస్క్యూ. వేసవి మండినా చలికాలం గట్టిగా గడ్డకట్టే ప్రాంతాల్లో చాలామంది దీన్నే ఎంచుకుంటారు, అందులో తప్పు లేదు. చల్లటి తెగలో లోతైన వేళ్లున్నది ఇదే. ఏడాదిలో ఎక్కువ నెలలు పచ్చగా ఉంటుంది. బదులుగా నడివేసవిలో నీళ్లు ఎక్కువ అడుగుతుంది, కొన్ని చోట్ల పలచబడుతుంది, చలి మొదలయ్యే ముందు మళ్లీ విత్తనం చల్లాలి. చలికాలం మంచు పడని ఊళ్లలో మాత్రం దీనికోసం పాకులాడటం దండగ.

కృత్రిమ లాన్ గురించి ఒకే మాట. నీళ్లు అక్కరలేదన్నది నిజమే, కానీ నడి ఎండలో దాని ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలు. బతికున్న గడ్డి ఆకుల నుంచి నీరు ఆవిరవుతూ తనను తాను చల్లబరుచుకుంటుంది. ప్లాస్టిక్ పోచకు ఆ గుణం లేదు. చిన్న పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే ఎండ స్థలంలో అది పరవొద్దని గట్టిగా చెబుతాను. ఎప్పుడూ నీడగా ఉండే బాల్కనీకి అయితే అభ్యంతరం లేదు.

విత్తనమా, కుదుళ్లా, చాపలా?

తొందర ఉండి, నేల వాలుగా ఉంటే చాపలు. లేకపోతే గరికకు కుదుళ్లు లేదా కాడలు చాలు, ఒక్క వేసవిలో కమ్మేస్తుంది. జోయ్సియాకు వీలైతే చాపలే వేయండి. ఎదురుచూపు తప్పుతుంది, కలుపు బెడద తగ్గుతుంది. గరిక విత్తనానికి నేల వేడి కనీసం 18 నుంచి 20 డిగ్రీలు ఉండాలి. పైకి పరిచిన చాప కింద నేల గట్టిపడి ఉంటే వేళ్లు దిగవు, కాబట్టి పరిచే ముందు పది పదిహేను సెంటీమీటర్ల లోతున మట్టి గుల్లచేయడం తప్పనిసరి. రెండు మూడు వారాల తరవాత ఒక మూల పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడండి. పట్టు వదలకుండా నేలను కరుచుకుని ఉంటే వేరు పట్టినట్టే. అప్పటిదాకా రోజూ తడి, ఆ తరవాత క్రమంగా ఎడం పెంచుతూ పోవాలి.

రోజూ కాస్తా, వారానికి రెండుసార్లు నిండుగానా?

కుదురుకున్న లాన్‌కు రెండోదే. సాయంత్రం పైపు పట్టుకుని పది నిమిషాలు చల్లితే పై రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే తడుస్తాయి. వేళ్లు ఆ తడి దగ్గరే ఆగిపోతాయి. ఒక్కరోజు తప్పినా గడ్డి వాలిపోతుంది. 25 మిల్లీమీటర్ల నీరు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు, ఇసుక నేలలో దాదాపు 30 సెంటీమీటర్ల లోతు దిగుతుంది. బంకమట్టిలో పది పన్నెండు సెంటీమీటర్లే. ఇసుక నేల నీటిని నిలుపుకోదు కాబట్టి అక్కడ వారం మోతాదును రెండు మూడు తడులుగా విడగొట్టాలి. బంకమట్టిలో ఇబ్బంది వేరు. అది నీటిని మెల్లగా పీలుస్తుంది, మామూలు స్ప్రే స్ప్రింక్లర్ గంటకు 35, 40 మిల్లీమీటర్లు కురిపించేస్తుంది. మిగిలిందంతా పారిపోతుంది. గంటకు 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఇచ్చే తిరుగుడు నాజిల్ పెట్టుకోండి. లేదంటే కాసేపు తడిపి, అరగంట ఆగి, మళ్లీ తడపండి.

మీ స్ప్రింక్లర్ ఎంత ఇస్తోందో తెలియాలంటే ఒకే సైజు ఖాళీ డబ్బాలు అక్కడక్కడా పెట్టి పావుగంట నడిపి, నీటి మట్టం స్కేలుతో కొలవండి. డబ్బాల మధ్య తేడా పెద్దదిగా ఉంటే గోధుమ మచ్చలకు కారణం అక్కడే దొరుకుతుంది. నేలలోపల వేసే డ్రిప్ గొట్టాలు గాలికి, ఆవిరికి నీటిని పోనివ్వవు, కానీ నీళ్లు ఉప్పగా ఉంటే పైపొరలో ఉప్పు పేరుకుంటుంది, ఎక్కడ మూసుకుపోయిందో గడ్డి ఎండేదాకా తెలియదు. చిన్న లాన్‌కు ఆ హైరానా అక్కరలేదని నా అభిప్రాయం. సమయం మాత్రం తెల్లవారుజామే. రాత్రి తడిపితే ఆకు గంటల తరబడి తడిగా ఉండి బూజు తెగుళ్లు పట్టుకుంటాయి.

తడి అవసరమా అని క్యాలెండర్ చూడకండి, గడ్డినే చూడండి. లాన్ మీద నడిచి వెనక్కి తిరిగితే అడుగుల గుర్తులు లేవకుండా అలాగే కనిపిస్తుంటే, రంగు కాస్త నీలిబూడిదకు తిరిగి ఉంటే, నీళ్లు పెట్టాల్సిన వేళ అయిందన్నమాట. పెట్టాక ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. ఎంత లోతు సులువుగా దిగితే అంత లోతు తడిసినట్టు.

కోత ఎత్తు, ఎరువు

మామూలు గరిక, జోయ్సియాకు రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్లు. సెయింట్ ఆగస్టీన్‌కు ఆరు నుంచి పది. టాల్ ఫెస్క్యూకు ఏడున్నర నుంచి పది. ఎండలు ముదిరినప్పుడు మీ గడ్డికున్న పరిధిలో పై అంచుకు వెళ్లండి. పొడవాటి గడ్డి నేలకు నీడ ఇస్తుంది, వేళ్లూ లోతుగా పోతాయి. ఒకసారికి మూడో వంతుకు మించి కోయొద్దు. మూడు సెంటీమీటర్లకు తగ్గించి సంకర గరిక పెంచాలనుకుంటే సిలిండర్ మూవర్ కొనండి, అది కత్తెరలా కోస్తుంది. మిగతావారికి తిరిగే బ్లేడు మూవర్ చాలు, పదును పెట్టిస్తూ ఉంటే. కోసిన మర్నాడు ఒక పోచ తెంపి కొసను చూడండి. నున్నగా తెగి ఉండాలి. తెల్లటి పీచులు వేలాడుతుంటే బ్లేడు కోయడం లేదు, చింపుతోంది. ఆ చినుగు నుంచే నీరు పోతుంది.

ఎరువు విషయంలో రెండు తెగలూ పూర్తిగా వేరు. వేడి తెగకు వేసవే తిండి కాలం. గరికకు నెలా నెలన్నరకోసారి వంద చదరపు మీటర్లకు అర కిలో నత్రజని సరిపోతుంది. యూరియాగా అది కిలో పైచిలుకు. దాన్ని రెండు సార్లుగా విడగొట్టి, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి. జోయ్సియాకు ఇందులో సగం చాలు. బఫెలో, సెంటిపీడ్ గడ్డికి ఇంకా తక్కువ. చల్లటి తెగకు నడివేసవిలో నత్రజని వేయనే వేయొద్దు. వేళ్లు అలసి ఉన్నప్పుడు ఆకును బలవంతంగా పెంచితే తెగులు పట్టుకుంటుంది.

పచ్చగా ఉంచాలా, పడుకోనివ్వాలా?

నీళ్లకు కటకట వచ్చినప్పుడు తేల్చుకోవాల్సిన ఆఖరి ప్రశ్న ఇది. గరిక, బఫెలో గడ్డి, కెంటకీ బ్లూగ్రాస్ గోధుమ రంగుకు తిరిగి నిద్రపోగలవు. సెయింట్ ఆగస్టీన్, టాల్ ఫెస్క్యూలను ఆ నమ్మకంతో వదిలేయకండి, అవి నిద్రలోంచి చావులోకి జారతాయి. ఉన్న నీళ్లు ఎవరికివ్వాలో తేల్చుకోవాల్సి వస్తే వీటికే ఇవ్వండి.

పడుకోనిచ్చే గడ్డికి రెండు మూడు వారాలకోసారి 12 మిల్లీమీటర్ల తడి ఇస్తే మొదళ్లు ప్రాణంతో ఉంటాయి. గడ్డి పచ్చబడేంత నీరు ఒకసారి ఇచ్చి, మళ్లీ ఎండబెట్టడం మాత్రం చేయొద్దు. లేచిన ప్రతిసారీ అది దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు పెట్టేస్తుంది. ఆ నెలల్లో కోతా, ఎరువూ ఆపేయండి, నడకా తగ్గించండి. బతికుందో లేదో అనుమానం వస్తే ఒక కుదురు పట్టుకుని లాగి చూడండి. గట్టిగా పట్టుకుని ఉండి, మొదలు చీల్చితే లోపల తెల్లగా తేమగా కనిపిస్తే బతికున్నట్టే. చేతిలోకి తేలిగ్గా ఊడివచ్చి, మొదలు పెళుసుగా గోధుమ రంగులో ఉంటే పోయినట్టే. ఊడివచ్చింది కానీ వేళ్లే లేవంటే నేల తవ్వి వేరుపురుగు కోసం వెతకాలి. వానలు పడ్డాక మూడు వారాలు ఆగి, అప్పటికీ చిగురు రాని చోట మాత్రమే కొత్త కుదుళ్లు నాటండి.